ఆసుపత్రి ల్యాబుల్లో రసాయన ఆవిర్లు: సిబ్బందికి రక్షణ

ఆసుపత్రి ల్యాబుల్లో ఫార్మలిన్, జైలీన్, మిథనాల్, ఫినాల్, గ్లుటరాల్డిహైడ్ వంటి రసాయనాలు రోజూ వాడతారు. వీటి ఆవిరి ల్యాబు టెక్నీషియన్లకు, అటెండర్లకు, నర్సులకు, పారిశుధ్య సిబ్బందికి హాని చేస్తుంది. కొన్నిటితో కళ్ల మంట, తలనొప్పి, చర్మవ్యాధి వస్తాయి. కొన్ని ఆస్తమాకు, క్యాన్సర్‌కు కూడా దారితీస్తాయి. రక్షణ పద్ధతులన్నిటిలో ముందు వచ్చేవి రెండు: ఆవిరి పుట్టకుండా చూడడం, పుట్టినదాన్ని ముక్కు దాకా రానివ్వకుండా బయటికి పంపడం. మాస్కు, గ్లౌజులు వాటి తర్వాతే.

పెద్ద నగరాల ఆసుపత్రుల్లో ఈ విషయం మీద ఎంతో కొంత పర్యవేక్షణ ఉంటుంది. మండల కేంద్రాల్లోని ఆరోగ్య కేంద్రాల్లో, చిన్న పట్టణాల ప్రైవేటు ల్యాబుల్లో ఉండదు. అందుకే ఈ వ్యాసం ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతంలోని దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు వంటి ఊళ్లను దృష్టిలో పెట్టుకుని విషయాన్ని వివరిస్తుంది. పలకల పరిశ్రమకు పేరుపడ్డ మార్కాపురంలో, పనిచోట పీల్చే గాలి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుందన్న సంగతి కొత్త కాదు. అయితే రాతి దుమ్ము కంటికి కనిపిస్తుంది. ల్యాబు ఆవిరి కనిపించదు.

ఏ ల్యాబులో ఏ ఆవిరి

కేంద్ర ప్రభుత్వ ఉచిత రోగనిర్ధారణ పథకం ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 63, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 97, జిల్లా ఆసుపత్రిలో 134 రకాల పరీక్షలు అందుబాటులో ఉండాలి. పరీక్షలు పెరిగేకొద్దీ సీసాలూ పెరుగుతాయి. గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం మీద వరసగా ఉన్న దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల రోగులు చిన్న పరీక్షలు దగ్గర్లోనే చేయించుకుంటారు. పెద్దవాటికి ఒంగోలు, గుంటూరు, కర్నూలు వెళ్తారు. రసాయనాల పరంగా ఆ దారిలో ఒక్కో మజిలీది ఒక్కో సమస్య.

మండల స్థాయి ఆరోగ్య కేంద్రంలో ముఖ్యమైనవి క్షయకు చేసే కళ్లె పరీక్ష, మలేరియాకు చేసే రక్తపు పూత పరీక్ష. కళ్లె పరీక్షలో జీల్–నీల్సన్ పద్ధతి చాలాకాలంగా వాడుకలో ఉంది. కళ్లె పూసి ఆరబెట్టిన స్లైడును సింకు మీది ర్యాకులో పెట్టి, కార్బోల్ ఫ్యూక్సిన్ అనే ఎర్ర రంగు పోస్తారు. ఆ రంగులో 5 శాతం ఫినాల్ ఉంటుంది. అడుగు నుంచి స్పిరిట్ దీపంతో ఆవిర్లు లేచేదాకా వేడిచేస్తారు; మరగనివ్వరు. 5 నిమిషాలు ఉంచి కడిగాక 25 శాతం గంధకికామ్లం, చివర మిథిలీన్ బ్లూ పోస్తారు. వేడిచేసే ఆ కాసేపూ టెక్నీషియన్ స్లైడు మీదికి వంగి ఉంటాడు, ఆవిరి లేచేదీ అప్పుడే. గాలి ఆడని గదిలో పది పన్నెండు స్లైడులు ఒకేసారి పెడితే ఫినాల్ వాసన వరండా దాకా వస్తుంది.

ఏరియా, జిల్లా ఆసుపత్రుల్లో ఆపరేషన్ థియేటర్ తోడవుతుంది. కోసి తీసిన గడ్డను, గర్భసంచిని, బయాప్సీ ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో వేసి హిస్టోపాథాలజీకి పంపుతారు. ఫార్మలిన్ పోసేది ఎక్కువగా థియేటర్ నర్సో అటెండరో. బాటిల్‌ను ఒంగోలుకో గుంటూరుకో తీసుకెళ్లేది చాలాసార్లు రోగి బంధువే, అదీ బస్సులో. ఎండోస్కోపీ ఉన్నచోట గొట్టాలను 2 శాతం గ్లుటరాల్డిహైడ్ ట్రేల్లో నానబెడతారు.

హిస్టోపాథాలజీ ల్యాబు అన్నిటికన్నా బరువైన చోటు. అక్కడ ఫార్మలిన్‌లోంచి తీసిన అవయవాన్ని బల్ల మీద కోసి పరిశీలిస్తారు. ముక్కల్లోని నీటిని ఆల్కహాల్‌తో, ఆల్కహాల్‌ను జైలీన్‌తో తొలగించి మైనంలో పోతపోస్తారు. రంగులు వేశాక మళ్లీ జైలీన్‌లో ముంచి కవర్ స్లిప్ అతికిస్తారు. వైద్య కళాశాల అయితే వీటికి శరీరనిర్మాణ శాస్త్ర విభాగం తోడు. భౌతికకాయాలను నిలవ ఉంచేది ఫార్మలిన్‌తోనే. 2021 మే 31న శంకుస్థాపన జరిగిన ఆంధ్రప్రదేశ్ వైద్య కళాశాలల్లో మార్కాపురం కళాశాల ఒకటి. కాబట్టి ఈ చర్చ ఆ ప్రాంతానికి ఇక దూరపుది కాదు.

ముఖ్యమైన రసాయనాలు, హాని

ఫార్మాల్డిహైడ్ ఒక వాయువు. నీటిలో 37 నుంచి 40 శాతం దాకా కరిగించి, గడ్డకట్టకుండా కొంత మిథనాల్ కలిపితే ఫార్మలిన్ అవుతుంది. 1893లో జర్మనీ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ బ్లూమ్ దీనితో పనిచేస్తుండగా తన వేళ్ల చర్మం గట్టిపడడం గమనించాడు. ఆ పరిశీలనే కణజాలాన్ని నిలవ ఉంచే పద్ధతిగా మారి, ప్రపంచంలోని ప్రతి పాథాలజీ ల్యాబుకూ చేరింది. కణజాలంలోని ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేసే ఆ గుణమే బతికున్న మనిషి ముక్కు పొరల మీద, కళ్ల మీద, గొంతులో కూడా పనిచేస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్ దీనికి ఆధారం. తర్వాతి సమీక్షలో ల్యుకేమియా కూడా చేరింది.

ఫార్మలిన్ పేరు తెలుగువారికి 2018లో చేపల వల్ల బాగా తెలిసింది. ఆ ఏడాది జూలైలో ఆంధ్ర నుంచి వచ్చే చేపల్లో ఫార్మలిన్ కలుస్తోందంటూ అస్సాం ప్రభుత్వం పది రోజులు వాటి రాకను నిలిపేసింది. తినే తిండిలో అది ఉందంటే రాష్ట్రాలు కదిలాయి. దాన్ని రోజూ పీల్చే ల్యాబు అటెండరు గురించి కూడా అంతే పట్టింపు అవసరం.

జైలీన్ కొవ్వును కరిగించే ద్రావణి. దీని ఆవిరి తలనొప్పి, మగత, తల తిరగడం కలిగిస్తుంది. చర్మాన్ని ఎండగట్టి పగిలేలా చేస్తుంది. మిథనాల్ ఎక్కువగా ఒంట్లో చేరితే కంటినరం దెబ్బతింటుంది. ఫినాల్ చర్మం గుండా కూడా లోపలికి పోతుంది, పైగా తాకినచోట తిమ్మిరెక్కించడం వల్ల కాలిన సంగతి వెంటనే తెలియదు. గ్లుటరాల్డిహైడ్‌తో పనిచేసే నర్సుల్లో ఆస్తమా, చేతుల మీద ఎగ్జిమా వస్తాయని చాలా దేశాల అనుభవం.

వాసన రావడం లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. ముక్కు కొద్దిసేపట్లోనే వాసనకు అలవాటు పడుతుంది. కొత్తగా గదిలోకి అడుగుపెట్టినవారు కళ్లు నులుముకుంటుంటే, పొద్దుటినుంచి అక్కడే ఉన్నవారికి ఏమీ అనిపించకపోవచ్చు. కొత్తవాళ్లు చెప్పే మాటనే కొలతగా తీసుకోవడం మంచిది.

గాలిలో ఎంతవరకు

ఆవిరిని పీపీఎంలలో కొలుస్తారు. గాలిలో పది లక్షల పాళ్లకు ఒక పాలు ఉంటే 1 పీపీఎం. భోపాల్ విషాదం తర్వాత 1987లో సవరించిన ఫ్యాక్టరీల చట్టం, 8 గంటల సగటున ఫార్మాల్డిహైడ్‌కు 1 పీపీఎం, జైలీన్‌కు 100 పీపీఎం పరిమితి పెట్టింది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ 1992 నుంచి ఫార్మాల్డిహైడ్‌కు 0.75 పీపీఎం పాటిస్తోంది. యూరోపియన్ యూనియన్ పరిమితి 0.3. అమెరికా పారిశ్రామిక పరిశుభ్రత నిపుణుల సంఘం 2017లో చేసిన సిఫారసు 0.1 మాత్రమే. ఒకే రసాయనానికి ఇన్ని పరిమితులు ఉండడానికి కారణం ఉంది. క్యాన్సర్ కలిగించే పదార్థానికి ఇంతవరకు ఫర్వాలేదు అని గీత గీయడం కష్టం. కాబట్టి చట్టం చెప్పిన అంకెకు లోబడి ఉన్నామని ఆగిపోకుండా, ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించాలి.

ఈ అంకెలు ఎంత చిన్నవో ఒక లెక్కతో తెలుస్తుంది. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిని తీసుకుందాం. చిన్న పట్టణాల్లో ల్యాబులు నడిచే షట్టరు గదులు దాదాపు ఇంతే ఉంటాయి. తలుపులు మూసిన ఆ గదిలో 20 మిల్లీలీటర్ల జైలీన్, అంటే నాలుగు చెంచాలంత, పూర్తిగా ఆవిరైతే గాలిలో 100 పీపీఎం దాటిపోతుంది. గాఢ ఫార్మలిన్ ఒక్క మిల్లీలీటరులోని ఫార్మాల్డిహైడ్ మొత్తం గాలిలో కలిస్తే 10 పీపీఎం దగ్గరికి చేరుతుంది. మూత పెట్టని ఒక్క జైలీన్ గిన్నె చాలు, ఆ గదిలో రోజంతా పనిచేసేవారి ఊపిరి పాడుచేయడానికి.

ఎండ దీన్ని పెంచుతుంది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. జైలీన్ ఆవిరి పీడనం 20 డిగ్రీల దగ్గర ఉన్నదానికి 40 డిగ్రీల దగ్గర మూడింతలవుతుంది. అంటే చల్లటి దేశాల పుస్తకాల్లో రాసిన అలవాట్లు ఇక్కడి వేసవికి చాలవు. పైగా జైలీన్ 30 డిగ్రీల అటూ ఇటూ ఉష్ణోగ్రతకే నిప్పు అందుకోగల ఆవిరినిస్తుంది. స్పిరిట్ దీపం వెలిగించే బల్ల మీద జైలీన్ సీసా ఉండకూడదనడానికి ఇదే కారణం.

గాలిలోని మోతాదును సరిగా తెలుసుకోవాలంటే, పనిచేసే మనిషి కాలరుకు తగిలించే బ్యాడ్జి లేదా గాలిని పీల్చే గొట్టం వాడి, దాన్ని పెద్ద ల్యాబులో విశ్లేషించాలి. ఆన్‌లైన్‌లో దొరికే చవక మీటర్లు స్పిరిట్ ఆవిరిని కూడా ఫార్మాల్డిహైడ్‌గా చూపిస్తాయి, వాటిని నమ్ముకోకూడదు. వృత్తి ఆరోగ్యానికి దేశంలో పెద్ద సంస్థ అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం బెంగళూరులో ఉంది.

హానికరమైనదాన్ని మార్చడం

రక్షణ పద్ధతుల్లో అన్నిటికన్నా నమ్మదగినది ప్రమాదకరమైన రసాయనాన్నే తీసేయడం. మన ల్యాబుల చరిత్రలో దీనికి మంచి ఉదాహరణలున్నాయి. ఒకప్పుడు రక్తంలో చక్కెర చూడడానికి ఆర్థో–టాలుయిడిన్‌ను గ్లేసియల్ అసిటిక్ ఆమ్లంలో కలిపి, రోగి సీరంతో పాటు మరిగే నీటిలో ఉంచేవారు. ముక్కు బద్దలయ్యే ఆ పుల్లటి ఆవిరిని పాతతరం టెక్నీషియన్లు మర్చిపోలేరు. ఆర్థో–టాలుయిడిన్ మూత్రాశయ క్యాన్సర్ కలిగిస్తుందని తర్వాత తేలింది. ఎంజైములతో చేసే గ్లూకోజ్ కిట్లు వచ్చాక ఆ పద్ధతి పోయింది. ఫలితం కూడా మెరుగైంది, ఎందుకంటే ఎంజైము గ్లూకోజ్‌నే పట్టుకుంటుంది. మలంలో రక్తం చూడడానికి వాడిన బెంజిడిన్ కూడా క్యాన్సర్ కారకమే. అదీ ల్యాబుల నుంచి తప్పుకుంది. మూత్రంలో చక్కెరకు బెనెడిక్ట్ ద్రావణంతో మరిగించే పని స్ట్రిప్పులతో తీరింది. హిమోగ్లోబిన్‌కు వాడే డ్రాబ్‌కిన్ ద్రావణంలో సయనైడ్ ఉంటుంది. ఇప్పుడు చాలా సెల్ కౌంటర్లు సయనైడ్ లేని ద్రావణాలతో పనిచేస్తున్నాయి.

మలేరియా పూతకు వాడే జేఎస్‌బీ రంగు మన దేశంలోనే పుట్టింది. 1944లో జస్వంత్ సింగ్, భట్టాచార్జీ దీన్ని ప్రకటించారు. లీష్‌మన్ రంగును మిథనాల్‌లో కరిగించాలి. జేఎస్‌బీ నీటిలోనే కరుగుతుంది. మందపాటి పూతకు మిథనాల్ అక్కరే లేదు, పలుచటి పూతను స్థిరపరచడానికి మాత్రం కావాలి. చవక కాబట్టి ఊరూరికీ చేరిన ఈ రంగు, టెక్నీషియన్ పీల్చే మిథనాల్‌ను కూడా తగ్గించింది.

కళ్లె పరీక్షలో ఎల్ఈడీ ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శినిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సిఫారసు చేసింది. దానికి వాడే ఆరమైన్ రంగును వేడిచేయనక్కర్లేదు కాబట్టి ఫినాల్ ఆవిరి బాగా తగ్గుతుంది. ఆరమైన్‌ను కూడా గ్లౌజులతోనే పట్టుకోవాలి. కార్ట్రిడ్జిలో జరిగే జన్యు పరీక్షలు విస్తరించేకొద్దీ స్లైడుల పని ఇంకా తగ్గుతుంది.

ఫార్మలిన్‌కు అన్ని విధాలా సరిపోయే బదులు ఇంకా లేదు. కణజాలాన్ని గుర్తించే నియమాలన్నీ దాని చుట్టూ ఏర్పడినవే. అయితే దాని వాడకాన్ని కుదించవచ్చు. ఇటలీలోని ట్యూరిన్ నగరపు మొలినెట్టే ఆసుపత్రిలో థియేటర్ నుంచి పెద్ద అవయవాలను ఫార్మలిన్‌లో వేయడం మానేసి, గాలి తీసేసిన ప్లాస్టిక్ సంచుల్లో చల్లగా ఉంచి పాథాలజీకి పంపే పద్ధతి తెచ్చారు. థియేటర్లో ఫార్మలిన్ పోసే పనే లేకుండా పోయింది. ల్యాబు చాలా దూరంలో ఉన్న మన పట్టణాలకు ఆ పద్ధతి ఇప్పుడే సరిపడదు. ఇక్కడ ఉపయోగపడేది, ముందే ఫార్మలిన్ నింపి సీలు చేసిన చిన్న బయాప్సీ డబ్బాలు. గాఢ ఫార్మలిన్ క్యాను థియేటర్లో ఉంచి, కొలిచి, నీళ్లు కలిపే పని వాటితో తప్పుతుంది.

గాలికి దారి

ఆవిరి పుట్టక తప్పనిచోట దాన్ని పుట్టినచోటే పట్టి బయటికి పంపాలి. దీనికి సరైన పరికరం ఫ్యూమ్ హుడ్. ముందు అద్దం తలుపు, పైన గొట్టం, గొట్టం చివర కప్పు పైకి వదిలే ఫ్యాను దాని భాగాలు. దాని ముఖద్వారం దగ్గర గాలి సెకనుకు సుమారు అర మీటరు వేగంతో లోపలికి పోవాలి. సన్నటి టిష్యూ కాగితపు ముక్కను అంచున పట్టుకుంటే లోపలికి వంగాలి. రోజూ పని మొదలుపెట్టేముందు చేయదగ్గ పరీక్ష ఇది. అవయవాలు కోసే బల్లకు, గాలిని కిందికో వెనక్కో లాగే ఏర్పాటు ఉండాలి.

బయోసేఫ్టీ క్యాబినెట్‌ను ఫ్యూమ్ హుడ్ అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. క్షయ ల్యాబుల్లో కనిపించే ఆ క్యాబినెట్‌లోని హెపా ఫిల్టరు క్రిములను ఆపుతుంది. ఆవిరిని ఆపలేదు. గదిలోకి గాలి వదిలే రకమైతే ఫార్మలిన్ ఆవిరి తిరిగి గదిలోకే వస్తుంది. స్ప్లిట్ ఏసీ కూడా గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. చల్లగా ఉందని కిటికీలు బిగించి ఏసీ పెట్టుకున్న హిస్టోపాథాలజీ గదిలో ఆవిరి పేరుకుంటూ పోతుంది.

ఫ్యూమ్ హుడ్ కొనలేని చిన్న ల్యాబుకు ఎగ్జాస్ట్ ఫ్యానే దిక్కు. దాన్ని ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం. గోడ పైన, మనిషి వెనక పెడితే ఆవిరి అతని ముఖం మీదుగా ప్రయాణించి ఫ్యానుకు చేరుతుంది. రంగులు వేసే సింకుకు అవతలి గోడలో, బల్ల ఎత్తులో పెట్టి, మనిషి వెనకవైపు నుంచి తాజా గాలి వచ్చేలా తలుపో కిటికీయో తెరవాలి. అప్పుడు గాలి మనిషిని దాటాక ఆవిరిని మోసుకుపోతుంది. జైలీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లకు మించి బరువు, కాబట్టి అది నేలబారున పాకుతుంది. కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఆగుతుంది. ఇన్వర్టరుకు ఫ్రిజ్, కంప్యూటర్లతో పాటు ఈ ఫ్యానును కూడా కలపాలి. అది లేనప్పుడు ఫార్మలిన్, జైలీన్ పనులు ఆపాలి.

పని అలవాట్లు

మూతలు పెట్టడం చాలా ఫలితమిచ్చే, ఖర్చులేని పని. జైలీన్ జాడీలకు, ఫార్మలిన్ ట్రేలకు స్లైడులు పెట్టేటప్పుడు తప్ప మూత ఉండాలి. అవసరమైనంతే కొనాలి, చిన్న సీసాల్లో వాడాలి. ప్రతి సీసా మీద పేరు, గాఢత, తేదీ తెలుగులో కూడా రాయాలి. గది తుడిచేవారికీ అది చదవగలిగేలా ఉండాలి. తాగునీటి సీసాల్లో ఫార్మలిన్ పోయకూడదు. రోగి బంధువుల చేతికిచ్చే బయాప్సీ డబ్బాను బిగించి, కారినా బయటికి రాకుండా రెండో సంచిలో పెట్టి, తెరవకూడదని చెప్పి పంపాలి.

కొన్నిటిని కలపకూడదు. ఫార్మాల్డిహైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన గాలిలో బిస్‌క్లోరోమిథైల్ ఈథర్ అనే తీవ్రమైన క్యాన్సర్ కారకం ఏర్పడవచ్చు. బ్లీచింగ్ ద్రావణం ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వస్తుంది. జన్యు పరీక్షల కిట్లలో చాలావాటి లైసిస్ బఫరులో గ్వానిడిన్ థయోసయనేట్ ఉంటుంది. దాని మీద బ్లీచింగ్ ద్రావణం పోస్తే సయనైడ్ వాయువులు పుడతాయి. కోవిడ్ కాలంలో ఈ కిట్లు పట్టణాల ల్యాబులకు కూడా చేరాయి. ఒలికిన ప్రతిదాని మీదా బ్లీచింగ్ పోసే అలవాటు అక్కడ ప్రమాదకరం.

వాడేసిన ఫార్మలిన్‌ను సింకులో పారబోయకూడదు. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాలు దాన్ని పేరుపెట్టి రసాయన ద్రవ వ్యర్థంగా గుర్తించాయి. విడిగా పోగుచేసి శుద్ధికి పంపాలని చెప్పాయి. జైలీన్‌ను కూడా మూత ఉన్న క్యానులో వేరుగా ఉంచాలి.

మాస్కులు, గ్లౌజులు

సర్జికల్ మాస్కు, ఎన్95 మాస్కు ఆవిరిని ఆపవు. ఎన్95 రేణువులను వడకడుతుంది, వాయువు అందులోంచి నేరుగా వెళ్లిపోతుంది. ఫార్మలిన్ పెద్ద ఎత్తున ఒలికినప్పుడు కావలసింది ఫార్మాల్డిహైడ్‌కు తగిన కార్ట్రిడ్జి ఉన్న, ముఖానికి బిగుతుగా పట్టే రెస్పిరేటరు. ఫార్మలిన్‌కు నైట్రైల్ గ్లౌజులు మంచివి. జైలీన్ మాత్రం పలుచటి నైట్రైల్‌లోంచి కూడా నిమిషాల్లో చొచ్చుకుపోతుంది, తడిసిన వెంటనే మార్చాలి. కళ్లద్దాలు తప్పనిసరి. కళ్లు కడుక్కునేందుకు 15 నిమిషాలు ఆగకుండా నీరు వచ్చే కుళాయి దగ్గర్లో ఉండాలి.

చట్టం, బాధ్యత

ఫ్యాక్టరీల చట్టపు పరిమితులు ఆసుపత్రులకు నేరుగా వర్తించేవి కావు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అది సాధారణంగా 10 మంది, ఆపైన పనిచేసే సంస్థల గురించి. ఇద్దరు ముగ్గురితో నడిచే పట్టణ ల్యాబు దాని పరిధిలోకి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రులు, ల్యాబులు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్టరు కావాలి. ఆ రిజిస్ట్రేషన్ తనిఖీలో గాలి ఆడే ఏర్పాటును కూడా చూస్తే చిన్న ల్యాబుల సిబ్బందికి నిజమైన మేలు జరుగుతుంది. పనివల్ల వచ్చిన జబ్బులకు పరిహారమిచ్చే పాత చట్టపు పట్టికలో బెంజీన్, దాని కుటుంబానికి చెందిన విషపదార్థాల వల్ల వచ్చే జబ్బులున్నాయి. జైలీన్ ఆ కుటుంబానిదే. అయితే పరిహారం అడగాలంటే ఏ రసాయనంతో ఎన్నేళ్లు పనిచేశారో రాతపూర్వకంగా ఉండాలి. అందుకే ప్రతి ల్యాబులో రసాయనాల జాబితా, ఒలికిన సంఘటనల రిజిస్టరు, సిబ్బంది ఆరోగ్య పరీక్షల రికార్డు ఉంచడం యజమాని బాధ్యత. ఆస్తమా, చర్మ అలర్జీ ఉన్నవారిని, గర్భిణులను ఈ పనుల నుంచి తప్పించి వేరే పని ఇవ్వాలి, జీతం తగ్గించకుండా.

చిన్న ల్యాబుకు ప్రాధాన్య క్రమం

డబ్బు తక్కువున్న ల్యాబు మొదలుపెట్టాల్సిన వరస ఇది: మూతలు, లేబుళ్లు; కలపకూడని సీసాలను వేరుచేయడం; ఎగ్జాస్ట్ ఫ్యానును సరైన చోటికి మార్చడం; నింపి వచ్చే ఫార్మలిన్ డబ్బాలు; తక్కువ ఆవిరి వచ్చే పరీక్షా పద్ధతులు; ఆ తర్వాత ఫ్యూమ్ హుడ్. మొదటి మూడింటికి పెద్దగా ఖర్చు కాదు. కొత్తగా కట్టే ఆసుపత్రి, కళాశాల భవనాల్లో మాత్రం గొట్టాలు, గాలి మార్గాలు నక్షా దశలోనే ఉండాలి. గోడలు లేచాక వాటిని చేర్చడం ఎన్నో రెట్లు ఖర్చు, చాలాచోట్ల అసాధ్యం. రోగి జబ్బును కనిపెట్టే మనిషి ఆ పనివల్లే జబ్బుపడకూడదు. పరీక్ష ధరలో అతని ఊపిరికి అయ్యే ఖర్చు కూడా కలిపి లెక్కవేయడం న్యాయం.